ఎర్తు గుంత మీద గచ్చు

27 అక్టోబరు 1973, శనివారం

వచ్చే గురువారం నుంచి మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటక. మా బాలికల హాస్టల్లో కూడా ఆ రోజు జెండా ఎగరేస్తారట. బీదరు పెద్ద ఆఫీసర్లు వస్తారని సూపరింటెండెంటు జయానందం గారు వాకిలి అంతా శాబాదు బండలు వేయిస్తున్నారు. పని మేస్త్రి గిద్యోనుది. పది రోజులుగా వంచిన నడుము ఎత్తలేదు.

మధ్యాహ్నం నన్ను మోటారు గది పక్కకు పిలిచాడు. అక్కడ హాస్టలు వైర్మన్‌గా నేను పెట్టించిన ఎర్తు గుంత ఉంది, లీకైన కరెంటు భూమిలోకి పోవడానికి. జానెడు ఎత్తు ఇటుకల గట్టు, లోపల మట్టి ఆరకుండా నీళ్లు పోసే గరాటు, పైన రాతి బిళ్ల. బండల వరసకు అడ్డం వస్తోంది.

"సిలాసన్నా, దీన్ని ఇట్లనే ఉంచి సుట్టూ గచ్చు జెయ్యాల్నా, మొత్తం మూసెయ్యాల్నా? సారు జూసి బాగలేదంటుండు" అన్నాడు.

బావి నిండుగా ఉంది. నేల ఇంకా తడిగానే ఉంది. ఒక గట్టు కోసం జయానందం గారితో వాదన పెట్టుకోబుద్ధి కాలేదు.

"మూసెయ్. ఎండకాలంల తీద్దాం" అన్నాను.

"మీద గుర్తు గీకాల్నా?"

"నాకు యాదుంటది తియ్."

సాయంత్రానికి బండ పడింది. వాకిలి అద్దంలా ఉంది. అన్నం తింటూ నా భార్య ప్రేమమ్మతో చెప్పాను, గిద్యోను చేతిలో పని ఉందని.

2 నవంబరు

పండుగ బాగా జరిగింది. వాకిలి అందరూ మెచ్చుకున్నారు.

18 మార్చి 1974, సోమవారం

పొద్దున హేబ్సిబా వచ్చింది. గిద్యోను భార్య. హాస్టలు వంట అంతా ఆమె చేతి మీదే. బియ్యం గంప నడుముకు ఆనించుకుని నిలబడింది.

"అన్నా, మోటరు కాడి నల్ల ముట్టుకుంటె చెయ్యి జుమ్ముమంటాంది."

"తడి చేతుల్తోని ముట్టకు" అన్నాను.

ఆమె నవ్వింది. "బియ్యం కడుగనీకి పొడి చేతుల్తోని యెట్ల పోవాలె అన్నా?"

వెళ్లి ఆ కుళాయి, మోటారు చూశాను. మోటారు ఒంటికి బిగించిన ఎర్తు తీగ వదులుగా ఉంది. నట్టు బిగించాను. టెస్టరు పెట్టి చూస్తే వెలుగు దాదాపు లేదు. సరిపోయింది.

జయానందం గారిని అడిగాను, ఒక బండ లేపి గుంతలో నీళ్లు పోద్దామని. పరీక్షలు నడుస్తున్నాయి, సెలవుల్లో చూద్దామన్నారు. నేను అడిగాను.

9 ఏప్రిల్

హేబ్సిబా లేదు.

10 ఏప్రిల్, బుధవారం

నిన్న పొద్దున పదింటికి మోటారు నడుస్తోంది. హేబ్సిబా పెద్ద డేగిసా కడగడానికి నల్ల దగ్గరకు పోయింది. ఒక చేయి నల్ల మీద, కాళ్ల కింద తడి బండ. అరవలేదు. అక్కడున్న ఆడపిల్లలు అరిచారు. గిద్యోను వంటశాల కప్పు మీద పెంకులు సర్దుతున్నాడు. అక్కడి నుంచే దూకాడు. "ముట్టకు" అని నేను కేక పెట్టి మెయిను వైపు పరుగెత్తాను. నేను స్విచ్చు దించేలోపే అతను నల్ల పట్టుకుని ఆమెను అవతలికి తోశాడు. కుడి అరచేయి కాలింది. ఆమె అప్పటికే లేదు.

ఇవాళ మట్టి ఇచ్చి వచ్చాం. వాళ్ల బిడ్డ లీయాకు పదేళ్లు. ప్రేమమ్మ ఆ పిల్లను వదలకుండా పట్టుకుంది.

మోటారు విప్పి చూశాను. లోపలి చుట్ట కాలి తీగ ఒంటికి తగులుతోంది. మోటారు పాతది. లోపల జరిగేది ఎవరికి కనపడుతుంది.

12 ఏప్రిల్, శుభశుక్రవారం

మోటారు పాతది. చర్చిలో అడిగిన వాళ్లందరికీ ఇదే చెప్పాను. ఎర్తు సంగతి ఎవరూ అడగలేదు.

15 ఏప్రిల్, సోమవారం

జయానందం గారు ఆఫీసుకు పిలిచి తలుపు వేశారు.

"ఇరవై అయిదు తారీఖు గుల్బర్గా నుంచి కరెంటు ఇన్‌స్పెక్టరు వస్తుండు. ఎర్తు గుంత యాడుందని అడిగితె బండ సూపిస్తవా?"

"మీరు బాగలేదన్నరు సారూ, అందుకే..."

"నేను బాగలేదన్న. మూయమన్ననా? పన్నెండేండ్ల సంది ఈడ వైర్మన్‌గ ఉన్నది నువ్వా, నేనా?"

నా పర్మిట్టు పోతే నాకు చేత వచ్చిన పని ఇంకొకటి లేదు. ఉంటున్న ఇల్లు కూడా హాస్టలుదే.

ఆయనే గొంతు తగ్గించారు. "గుంత తవ్వి కొత్త పైపు దించు. సుట్టూ పద్ధతిగ కట్టించు. మేస్త్రి తెల్వక మూసిండు, సంగతి తెలువంగనే బాగుజేసినం అని జెప్దాం. గిద్యోనును ఇప్పుడు ఎవ్వరు ఏమంటరు? పెండ్లాం పోయినోడు."

పనికి ఇంకో మేస్త్రిని చూస్తానన్నాను. బయటికి వచ్చేసరికి గిద్యోను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. చేతికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

"గుంత నేనే కడత అన్నా" అన్నాడు.

17 ఏప్రిల్

బండ లేపాం. కింద ఎర్ర దుమ్ము. ఆరడుగులు తవ్వినా తడి తగల్లేదు. మా బీదరు మొరం నేల నీళ్లు నిలుపుకోదు. ఈ మాట ఎన్నిసార్లు ఎందరికి చెప్పానో. పైపు చుట్టూ నేను పోయించిన బొగ్గు, ఉప్పు పొడిపొడిగా రాలాయి.

గిద్యోను పిడికెడు మట్టి తీసి నలిపాడు. గాలికి పోయింది.

"ఇది తడి ఉండాల్నా అన్నా?"

"ఉండాలె."

"తడి ఉంటె ఏమయ్యేది?"

"కరెంటు భూమిలకు గుంజుకునేది. ఫ్యూజు పోయేది."

"మరి ఆమె?"

"చెప్పలేం గిద్యోనూ" అన్నాను. చెప్పగలను. ఫ్యూజు పోయి ఉంటే మోటారు ఆగేది. ఆమె పొయ్యి దగ్గరకు తిరిగి పోయేది.

గుంత అంచు మీద కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"బండ ఏసింది నేనే. ఆనాడు నేను నిన్ను అడిగిన్నా అన్నా?"

"యాది లేదు."

"నాకూ సక్కగ యాది లేదు. పండుగ తొందర్ల ఉంటిమి. అడగకుంటనే మూసిన్నేమో."

బొగ్గు సంచులు తేవాలని నేను లేచాను.

18 ఏప్రిల్

ఈ డైరీలో అక్టోబరు పేజీ తీయలేదు. తీయవలసిన పని లేదు. నాకు నిజంగానే గుర్తు లేదు.

20 ఏప్రిల్, శనివారం

కొత్త పైపు దించాం. ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు, మళ్లీ బొగ్గు. ప్రతి వరస మీద రెండు బిందెల నీళ్లు. గిద్యోను లోపల నిలబడి కాళ్లతో తొక్కాడు.

మధ్యాహ్నం లీయా తండ్రికి రొట్టెలు తెచ్చింది. గుంత అంచున నిలబడి లోపలికి చూసింది. హాస్టల్లో పిల్లలు ఏమేమి మాట్లాడుకుంటున్నారో ఏమో.

"నాయినా, నువ్వు మూసిన గుంత ఇదేనా?"

"ఇదే బిడ్డా" అన్నాడు గిద్యోను లోపలి నుంచి.

ఆ పిల్ల గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయింది. రొట్టెలు అట్లాగే ఉన్నాయి. నాకూ ఆకలి కాలేదు.

23 ఏప్రిల్, మంగళవారం

ఇవాళ గచ్చు పని అయింది.

పైపు మూతి చుట్టూ ఇటుకలతో చదరంగా చిన్న అరలా కట్టి, గట్టును బండల కంటే నాలుగు వేళ్లు పైకి లేపాడు, వాకిట్లో బురద లోపలికి పోకుండా. గట్టు చుట్టూ మూరెడు వెడల్పున గచ్చు పోసి నాలుగు వైపులా వాలు పెట్టాడు. చెంబుతో నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూశాడు. ఒక మూల కొంచెం నిలిచాయి. అంతా గీకి మళ్లీ పోశాడు. చుట్టూ ఉన్న బండల అంచులు ఉలితో ఏటవాలుగా కొట్టి, సందులు నింపి, కాలికి తగిలే మూలలన్నీ గుండ్రంగా చేశాడు. పడమటి వైపు గచ్చును కొంచెం గరుకుగా ఉంచాడు. ఎందుకని అడిగాను.

"నీళ్లు పోసెటోళ్లు ఈడ నిలబడుతరు గదా. జారొద్దు."

కాలిన అరచేయి గుడ్డ సిమెంటులో తడిసి ఊడిపోయింది. పుండులోకి సిమెంటు పోతోంది. ఇంకో గుడ్డ కట్టుకోమన్నాను. కట్టుకోలేదు. తాపీ కింద పెట్టి, చివరికి ఆ చేత్తోనే నునుపు చేశాడు. గచ్చు మీద అక్కడక్కడా ఎర్రగా అంటింది. దాన్నీ తుడిచాడు.

మూత బిళ్లకు ఇనుప కడియం బిగించి, ఒక చేత్తో లేపి, దించి, మళ్లీ లేపి చూశాడు. "చిన్న పోరి గూడ లేపొచ్చు" అన్నాడు. దాని మీద తడి గోనెలు కప్పి పక్కనే కూర్చున్నాడు. సాయంత్రం దాకా లేవలేదు.

ఇంత మంచి పని అతను ఎన్నడూ చేసి ఉండడు. నేను మోటారు గదిలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకున్నాను.

25 ఏప్రిల్, గురువారం

ఇన్‌స్పెక్టరు వచ్చి మెగ్గరు మీటరు పెట్టి చూశారు. ఎర్తు బ్రహ్మాండంగా ఉంది. మూత లేపి, దించి, "చెన్నాగి కట్టిద్దారె" అని కన్నడంలో, బాగా కట్టారని మెచ్చుకున్నారు. గిద్యోను తల వంచుకున్నాడు.

తర్వాత ఆఫీసులో కాగితం రాశారు. అంతా కన్నడం. గిద్యోను చదివేది తెలుగు బైబిలు ఒక్కటే. నేను బడిలో కన్నడం చదివిన వాణ్ణి. చదివి చెప్పమని జయానందం గారు కాగితం నా చేతికి ఇచ్చారు.

వైర్మన్‌ను గాని సూపరింటెండెంటును గాని అడగకుండా, తన ఇష్టప్రకారం, మేస్త్రి ఎర్తు గుంతను మూసివేశాడు. నల్లను తడి చేతులతో ముట్టవద్దని వైర్మన్ చెప్పినా మృతురాలు వినలేదు. ఇది కాగితం.

"ఏముందన్నా?" అన్నాడు గిద్యోను.

"నువ్వు బండ ఏసినవని ఉన్నది. గుంత మూసుకపోయిందని ఉన్నది."

"అది నిజమే గదా" అని సంతకం పెట్టాడు. కుడి చెయ్యి వంగక కలం రెండుసార్లు జారింది.

కింద నేనూ పెట్టాను.

28 ఏప్రిల్, ఆదివారం

ఆరాధన అయిపోయాక గిద్యోను లేచి నిలబడ్డాడు. ముందుకు పోలేదు, ఉన్న చోటనే నిలబడి చెప్పాడు.

"నా పెండ్లాం నా చేతులతోనే పోయింది. తొందర్ల నేను అడగకుంట గుంత మూసిన. సంఘం నన్ను క్షమించాలె. నా బిడ్డ నన్ను క్షమించాలె."

ఆడవాళ్ల వైపు నుంచి ఏడుపు వినపడింది. లీయా లేచి బయటికి పోయింది. నేను మూడో వరుసలో కూర్చుని ఉన్నాను. లేవాలనుకున్నాను. మోకాళ్ల మీద చేతులు పెట్టాను కూడా. అందరూ ప్రార్థనకు తలలు వంచారు. నేనూ వంచాను.

5 మే, ఆదివారం

హాస్టలు పనికి ఇక రావద్దని గిద్యోనుకు చెప్పేశారు. అతను అడ్డం చెప్పలేదు. కమలనగర్‌లో అక్క ఇంటికి పోతున్నాడు. బస్సు మీదికి సామాను ఎక్కించడానికి నేను చేయి వేశాను. తాపీ పనిముట్ల సంచి తీసుకోలేదు. అడిగితే, "ఆ పని ఇగ జెయ్య" అన్నాడు.

బస్సు కదిలే ముందు నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు లేకుంటె ఆ కాగితం సంగతి నాకు సమజ్ కాకపోతుండె. నీ మేలు మరువ అన్నా."

లీయా కిటికీ పక్కన కూర్చుని అటువైపు చూస్తోంది.

6 మే

గుంతలో నీళ్లు పోశాను.

9 మే

నీళ్లు పోశాను.

17 మే

నీళ్లు పోశాను. గచ్చు ఎక్కడా బీటలు పట్టలేదు.

28 మే

చెప్పినా హేబ్సిబా రాదు. గిద్యోను ఎట్లాగూ వెళ్లిపోయాడు. ఇప్పుడు చెబితే ఎవరికి ఉపయోగం. నాలుగు రోజులుగా ఇదే రాస్తున్నాను, కొట్టేస్తున్నాను.

2 జూన్, ఆదివారం

ఇవాళ చర్చికి పోలేదు. ప్రేమమ్మ కూడా పోలేదు. వంటింటి గడప మీద కూర్చుని గోంగూర గిల్లుతూ, తల ఎత్తకుండా అంది.

"పండుగ ముందర ఒకనాడు అన్నం తినుకుంట నాకు జెప్పినవ్. గిద్యోను పనిమంతుడు, గుంత మూయాల్నా అని నన్ను అడిగి మరీ మూసిండు అని."

"యాదుందా నీకు?" అన్నాను.

"ఉన్నది."

"మరి ఇన్ని దినాలు ఎందుకు అడగలే?"

"నువ్వే జెప్తవని జూసిన. మట్టి ఇచ్చిననాడు జూసిన. సంఘం ముందర ఆయన నిలబడ్డనాడు జూసిన. బస్సు ఎక్కిననాడు గూడ జూసిన." గోంగూర చాట పక్కన పెట్టింది. "నీ పక్కన కూసోని ప్రార్థన జేసుడు ఇగ నాతోని కాదు."

అక్టోబరు పేజీ తీశాను. "మూసెయ్. ఎండకాలంల తీద్దాం." నా చేతి రాతే. గుర్తు గీకాలా అని కూడా అడిగాడు. అది కూడా రాసుకున్నాను. గుర్తు లేదని ఏప్రిల్‌లో రాసిందీ నా చేతి రాతే.

10 జూన్, సోమవారం

రెండు పేజీలు కన్నడంలో రాశాను. గిద్యోను అడిగాడు, మూసెయ్యమన్నది నేను. నల్ల జుమ్మంటోందని హేబ్సిబా ముందే చెప్పింది, నేను నట్టు బిగించి ఊరుకున్నాను. కాగితం తప్పుగా చదివి వినిపించింది కూడా నేనే.

గుల్బర్గా పోయి ఆఫీసులో ఇచ్చాను. గుమాస్తా మొదటి పేజీ చదివి, ఆ ఫైలు మూసేశారన్నాడు. మళ్లీ తెరవమన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి, "చనిపోయినావిడ నీకేమవుతుంది?" అని కన్నడంలో అడిగాడు. ఏమీ కాదన్నాను. కాగితం తీసుకుని ఒక కట్ట కింద పెట్టాడు.

12 జూన్

జయానందం గారికి ఇంకో ప్రతి ఇచ్చాను. నిలబడే చదివారు. చదివి బల్ల సొరుగులో వేసుకున్నారు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమన్నారు.

ఏదో దిగిపోయినట్టు ఉంటుందనుకున్నాను. ఏమీ దిగలేదు.

16 జూన్, ఆదివారం

పొద్దున బస్సుకు కమలనగర్ పోయాను. వస్తానని ప్రేమమ్మ అనలేదు, నేనూ అడగలేదు. భాల్కి దాటిన తర్వాత బస్సంతా మరాఠీ మాటలే. గిద్యోను అక్క ఇల్లు వెతకడానికి చాలాసేపు పట్టింది. మేస్త్రి గిద్యోను అంటే ఎవరికీ తెలియదు. చివరికి ఒక ముసలమ్మ, జొన్న బస్తాలు మోసే క్రైస్తవుడా అని మరాఠీలో అడిగి, వీధి చివర ఇల్లు చూపించింది.

గడప మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేవబోయాడు.

"సిలాసన్నా. రా, కూసో. వదినె బాగున్నదా?"

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఆనాడు నువ్వు అడిగినవ్, మూసెయ్ అన్నది నేను, గుర్తు గీకాల్నా అంటే వద్దన్నది నేను. యాది లేదన్నది అబద్ధం. ఒక్కొక్కటీ చెప్పాను.

అతను మెట్టు మీది మట్టిని కాలి వేలితో గీస్తూ విన్నాడు. కోపం వస్తుందనుకున్నాను. కొడతాడేమో అనుకున్నాను. ఏమీ లేదు.

"ఆ కాగితంల ఏం రాసిండ్రు? ఇప్పుడన్న సక్కగ జెప్పు."

మాట మాటకూ చెప్పాను.

"ఎవ్వరిని అడగకుంట" అన్నాడు. మళ్లీ అన్నాడు, "ఎవ్వరిని అడగకుంట." తర్వాత, "హేబ్సిబా చెప్పినా వినలేదని గూడ రాసిండ్రా?"

"రాసిండ్రు."

"ఆమె నీ దగ్గరికే వచ్చి జెప్పింది గదా, నల్ల సంగతి. నాకు జెప్పలే. సిలాసన్న జూస్కుంటడని అనుకున్నది."

నేను ఏడ్చాను. అతను ఏడవలేదు. నా ఏడుపు ఆగేదాకా వీధి వైపు చూస్తూ కూర్చున్నాడు.

"లీయా నాతోని మాట్లాడ్తలేదు. సంఘం ముందర నిలబడ్డనాటి సంది ఒక్క మాట లేదు. నేను పెట్టిన అన్నం ముట్టది. లోపలున్నది. పొయ్యి జెప్పు."

లోపల చీకటిగా ఉంది. ఆ పిల్ల గోడకు ఆనుకుని కూర్చుంది. మేము మాట్లాడిందంతా విన్నదని ముఖం చూడగానే తెలిసింది. అయినా మొత్తం మళ్లీ చెప్పాను.

"గుంత మూయమన్నది నేను బిడ్డా. మీ నాయిన అడిగిండు. ఆయన తప్పు లేదు."

"మరి అప్పుడు ఎందుకు జెప్పలే మామా?"

"భయమయింది."

"ఇప్పుడు అయితలేదా?"

"ఇప్పుడు గూడ అయితాంది."

ఆ పిల్ల నన్ను చూసింది. హేబ్సిబా కళ్లే. తర్వాత లేచి గడప దాకా పోయి నిలబడింది. గిద్యోను వీపు ఇటువైపు ఉంది. తిరగలేదు. పిలవలేదు. ఆమె కూడా పిలవలేదు. మూరెడు దూరంలో, అదే గడప మీద కూర్చుంది.

నేను బయటికి పోవాలి. ఇంటికి వేరే దారి లేదు. గడప ఇరుకు. నేను వెనక నిలబడటం తెలిసి, నాకు దారి ఇవ్వడానికి లీయా తండ్రి వైపు జరిగింది. ఇద్దరి భుజాలూ తగిలాయి. మళ్లీ ఎడం జరగలేదు.

నేను గడప దాటాను.

"ఇగ పో సిలాసూ" అన్నాడు గిద్యోను, తల ఎత్తకుండా.

అన్నా అని పిలవలేదు.